ఆరు సూదులు వేయించినా చూడి కట్టని గేదె: ఉంచాలా, అమ్మాలా?

వ్యాఖ్యాత: నమస్కారం. పాడి రైతుల ఫోన్-ఇన్ కార్యక్రమానికి స్వాగతం. పదే పదే ఎదకు వస్తూ, సూది వేయించినా, అంటే కృత్రిమ గర్భధారణ చేయించినా, చూడి కట్టని పశువును ఏం చేయాలన్న విషయంపై పశువైద్యులు డాక్టరు గారు ఈ రోజు మీతో మాట్లాడతారు. మొదటి ఫోను కృష్ణా జిల్లా నుంచి వచ్చింది. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారం డాక్టరు గారూ. మా ముర్రా గేదె మూడో ఈత ఈని పదమూడు నెలలైంది. కొత్తలో రోజుకు పది లీటర్ల పాలిచ్చింది, ఇప్పుడు రెండు పూటలా కలిపి మూడు లీటర్లే ఇస్తున్నది. ఇప్పటికి ఆరు సార్లు సూది వేయించాము, ఆరు సార్లూ తిరిగి పొర్లింది, అంటే మళ్ళీ ఎదకు వచ్చింది. నిన్న బేరగాడు వచ్చి 55,000 రూపాయలు ఇస్తానన్నాడు. మా ఆయన ఇచ్చేద్దామంటున్నారు, నాకు మనసొప్పడం లేదు.

డాక్టరు: నమస్కారమమ్మా. బేరగాడికి మాట ఇవ్వకముందే ఫోను చేశారు, మంచి పని చేశారు. ఈ ఆరు సార్లలో ఎప్పుడైనా డాక్టరు చేత చూడి పరీక్ష చేయించారా?

శ్రోత: లేదండి. మళ్ళీ ఎదకు వచ్చిందంటే చూడి లేనట్టే కదా అనుకున్నాము.

డాక్టరు: చాలామంది అలాగే అనుకుంటారమ్మా. చూడితో ఉన్న పశువు కూడా అరుదుగా ఎద లక్షణాలు చూపిస్తుంది. అప్పుడు మళ్ళీ సూది వేయిస్తే, గర్భాశయ ముఖద్వారం దాటి లోపలికి వెళ్ళిన గొట్టం వల్ల కడుపులో ఉన్న దూడ పోయే ప్రమాదం ఉంది. కాబట్టి మీ గేదె ఇప్పుడు చూడితో ఉందా లేదా అన్నది ముందుగా తేల్చుకోవాలి. సూది వేయించిన రెండు మూడు నెలలకు చెయ్యి పెట్టి చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. సరే, మీరు ఎదను ఎలా గుర్తిస్తున్నారు?

శ్రోత: పొద్దున పాలు తీసేటప్పుడు పాలు ఎగబెట్టినా, అరిచినా, ఊళ్ళో సూది వేసే గోపాలమిత్రకు ఫోను చేస్తాము. ఆయనకు వీలైతే ఆ పూటే వస్తారు, లేకపోతే మర్నాడు వస్తారు.

డాక్టరు: ఇక్కడ కొంత పొరపాటు జరిగి ఉండవచ్చు. గేదె ఆవులా గట్టిగా ఎద చూపించదు. చాలా గేదెలు రాత్రి వేళో తెల్లవారుజామునో ఎదకు వస్తాయి, ఎండాకాలంలోనైతే లక్షణాలు పైకి కనిపించని మూగ ఎదే ఎక్కువ. ఎద మొదలైన పన్నెండు నుంచి పద్దెనిమిది గంటల మధ్య సూది పడాలి. రాత్రి పది గంటలకు మొదలైన ఎదను మీరు పొద్దున ఆరింటికి చూసి, మర్నాడు మధ్యాహ్నం సూది వేయిస్తే, తప్పు గేదెది కాదు, గోపాలమిత్రదీ కాదు, వేళ దాటిపోయింది. గేదెకు ఎద చక్రం సుమారు 21 రోజులు. పొర్లిన తేదీని గోడ మీదైనా రాసి పెట్టుకుని, పద్దెనిమిదో రోజు నుంచి తెల్లవారుజామున నాలుగింటికి, మళ్ళీ రాత్రి పడుకోబోయే ముందు టార్చిలైటు తీసుకుని పాకలోకి వెళ్ళి చూడండి. పడుకున్న గేదె వెనక నేల మీద తీగ, అంటే ఎదలో కారే జిగట ద్రవం, పడి ఉంటుంది, తోక వెంట్రుకలు అతుక్కుని ఉంటాయి. ఆ తీగ ఎలా ఉందో మీరు ఎప్పుడైనా చూశారా?

శ్రోత: చూశానండి. పోయినసారి తీగ తేటగా లేదు, విరిగిన మజ్జిగలా తెల్లటి పొరలు కనిపించాయి.

డాక్టరు: ఈనినప్పుడు మాయ సకాలంలో పడిందా అమ్మా?

శ్రోత: పడలేదండి. మర్నాడు ఒకతన్ని పిలిచి చేత్తో లాగించాము.

డాక్టరు: అయితే అసలు కారణం అక్కడే ఉందని నా అనుమానం. ఆరోగ్యంగా ఉన్న గేదె తీగ కోడిగుడ్డు తెల్లసొనలా తేటగా, తెగకుండా సాగుతుంది. దాన్ని శుభ్రమైన గాజు పలక మీద వేసి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అవతల వస్తువు కనిపించాలి. మసకగా ఉన్నా, తెల్లటి తునకలు ఉన్నా గర్భాశయంలో చీము పట్టిందని అర్థం. అంత చెడు ఉన్నచోట ఎంత మంచి ఆంబోతు వీర్యమైనా నిలవదు, నిలిచినా పిండం బతకదు. మాయను బలవంతంగా లాగితే లోపలి పొర చినిగి ఇలాంటి పరిస్థితే వస్తుంది. ఇది చాలావరకు నయమయ్యే జబ్బు. పరీక్ష చేయించి, డాక్టరు చెప్పిన మందు పూర్తిగా వాడి, తరువాత వచ్చే ఎదకు సూది వేయించకుండా వదిలేసి, ఆ పై ఎదకు తీగ తేటగా ఉంటేనే వేయించండి. మందు వాడుతున్నప్పుడు, అది అయిపోయాక కూడా డాక్టరు చెప్పిన రోజుల వరకు ఆ పాలను కేంద్రానికి పోయవద్దు.

శ్రోత: అన్ని రోజులు మేపాలంటే ఖర్చు అవుతుంది కదండీ. మా ఆయన అనేది అదే.

డాక్టరు: ఆయన లెక్కను నేను కొట్టిపారేయను. మనం కలిసి లెక్క వేద్దాం. అలాంటి పాల గేదెను కొనాలంటే మీ వైపు ఎంత అవుతుంది?

శ్రోత: లక్షా పది వేలైనా కావాలండి.

డాక్టరు: బేరగాడిచ్చే 55,000 పోగా మీ చేతి నుంచి మరో 55,000 పెట్టాలి. ఈ గేదెనే ఉంచుకున్నారనుకోండి. గేదె చూడి మోసేది పది నెలలకు పైగా, అంటే సుమారు 310 రోజులు. మధ్యలో పాలు ఆగిపోయాక తొమ్మిది నెలల పాటు రోజుకు 150 రూపాయల మేత వేసినా 40,500 అవుతుంది. తేడా 14,500 మాత్రమే మిగులుతుంది. తప్పిన ప్రతి ఎదకూ 21 రోజుల మేత, అంటే 3,150 రూపాయలు అందులోంచి పోతాయి. నాలుగు ఎదలు తప్పాయంటే 12,600 పోయినట్టే. అందుకే నేను రెండు ఎదలకే గడువు పెట్టమంటాను. కొత్తగా కొన్న గేదె ఎలా కడుతుందో ఎవరికీ తెలియదు, మీ గేదె మూడు సార్లు ఈనిన గేదె. ఆ మాట మీ ఆయనకూ చెప్పండి.

శ్రోత: ఆ రెండు ఎదలకూ కట్టకపోతే ఏం చేయమంటారు?

డాక్టరు: అప్పుడు గన్నవరంలోని పశువైద్య కళాశాలకు తీసుకువెళ్ళి చూపించండి. గర్భకోశం చుట్టుపక్కల అతుక్కుపోయిందనో, అండవాహికలు మూసుకుపోయాయనో వాళ్ళు చెబితే ఇక ఎదురుచూడకండి. పాలు పూర్తిగా ఆగకముందే, కండ తగ్గకముందే అమ్మడం మేలు. ఎప్పుడైనా ఆరు నెలల చూడి దాటాక ఈసుకుపోయిందా, అంటే కడుపు పోయిందా?

శ్రోత: లేదండి.

డాక్టరు: మంచిది. ఈసుకుపోయి ఉంటే బ్రూసెల్లోసిస్ పరీక్ష తప్పదు. అది మనుషులకూ అంటుకునే జబ్బు. ఆ జబ్బున్న గేదెను మరో రైతు పాకలోకి పంపడం అంటే ఆ ఇంటిల్లిపాదికీ కీడు చేసినట్టే. మీ గేదెకు ఆ సమస్య లేకపోయినా, అమ్మేటప్పుడు ఇది చూడి కట్టడం లేదని కొనేవాడికి స్పష్టంగా చెప్పి, ఆ ధరకే అమ్మండి. చూడి గేదె అని అమ్మితే, సంతలో కొనే మీలాంటి మరో రైతే మోసపోతారు. కబేళాకు కొనేవాళ్ళైతే, 1977 నాటి చట్టం ప్రకారం అది పాలకూ, ఈతకూ పనికిరాదన్న ధ్రువపత్రం ఉండాలి.

శ్రోత: అలాగేనండి. బేరగాడికి ఇప్పుడే కాదని చెబుతాను.

డాక్టరు: పొద్దున్నే ఉప్పు, రోజుకు 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం దాణాలో కలపండి. మీ ఊరికి డాక్టరు దూరమైతే 1962కు ఫోను చేయండి, సంచార పశువైద్య వాహనం వస్తుంది.

వ్యాఖ్యాత: సిద్దిపేట జిల్లా నుంచి మరో శ్రోత మాట్లాడుతున్నారు.

శ్రోత: నమస్తే సార్. మాది జెర్సీ సంకర పెయ్య. మూడేండ్లు నిండినా ఒక్కసారి కూడా ఎదకు రాలేదు. మందులు చాలా తాగించినం.

డాక్టరు: అది ఒంటరిగా పుట్టిందా, కవలగానా?

శ్రోత: కవల సార్. దానితోటి కోడెదూడ పుట్టింది.

డాక్టరు: అయితే ఇంకా మందుల మీద డబ్బు పెట్టకండి. ఆవుల్లో మగదూడతో కవలగా పుట్టిన పెయ్యల్లో నూటికి తొంభైకి పైగా గొడ్డువే అవుతాయి. తల్లి కడుపులోనే రెండింటి రక్తం కలిసి, మగదూడ ప్రభావంతో పెయ్య గర్భకోశం సరిగా పెరగదు. డాక్టరు చెయ్యి పెట్టి ఒకసారి చూస్తే నిర్ధారణ అవుతుంది. చట్టప్రకారం ఆవును కబేళాకు పంపే వీల్లేదు, కాబట్టి ఆ దారి ఆలోచించకండి.

శ్రోత: మరి దాన్ని ఏం చేయాలె సార్?

డాక్టరు: మీకు పొలం ఉందా?

శ్రోత: రెండెకరాలున్నది సార్, కూరగాయలు పెడతం.

డాక్టరు: అయితే మీ మేత లెక్క చూసుకుని, పేడ, మూత్రం జీవామృతం అనే ద్రవ ఎరువు తయారీకి వాడుకునేందుకు ఉంచుకోవచ్చు. ఖర్చు భరించలేమనుకుంటే, అది ఈనదని ముందే చెప్పి, ఎరువు కోసం పశువు కావాలనుకునే రైతుకు ఇవ్వండి. ఈసారి మీ ఆవు ఆడ, మగ కవలలను ఈనితే, ఆ పెయ్యను దూడగా ఉన్నప్పుడే డాక్టరుకు చూపించండి, మూడేళ్ళ మేత మిగులుతుంది.