ఆ సబ్సిడీ ఏ రాంచ్‌కు ముట్టింది?

శ్రోతలకు నమస్కారం. అమెరికాలో ఆవుల మందలను మేపే విశాలమైన బీళ్లను రాంచ్‌లంటారు. కరువొస్తే వాటికి ప్రభుత్వం డబ్బిస్తుంది. అది ఎవరికి ఎంత ముట్టిందో మామూలు పౌరుడు తెలుసుకోగలడా? కొంతవరకే.

లైవ్‌స్టాక్ ఫోరేజ్ డిజాస్టర్ ప్రోగ్రాం అనే మేత నష్ట పథకం 2008 వ్యవసాయ చట్టంతో వచ్చింది, 2014లో శాశ్వతమైంది. కరువు తీవ్రతను రంగుల్లో చూపుతూ ప్రతి గురువారం వెలువడే పటమే దీనికి ఆధారం. మేత కాలంలో కౌంటీలో, అంటే మన జిల్లా లాంటి ప్రాంతంలో, ఏ మూలనైనా డి3 అనే తీవ్ర కరువు నమోదైతే మూడు నెలల చెల్లింపు. అది నాలుగు వారాలుంటే, లేదా అంతకన్నా తీవ్రమైన డి4 ఒక్కసారి తగిలినా, నాలుగు నెలలది. డి4 నాలుగు వారాలుంటే ఐదు. నెలకు లెక్కగట్టిన మేత ఖర్చులో 60 శాతం ఇస్తారు. ఇక్కడో మెలిక ఉంది. రంగు పడింది కౌంటీలో ఒక మూల. అర్హత మాత్రం కౌంటీ అంతటికీ. ఫలానా బీట్లో గడ్డి ఎంత ఎండిందో కొలిచే పద్ధతి లేదు. అందుకే పుచ్చుకున్నవాళ్ల పేర్లు ఇరుగుపొరుగుకు తెలియడం ఇంత ముఖ్యం.

ఈ పేర్లు తెలుస్తాయి. సమాచార స్వేచ్ఛ చట్టం కింద వ్యవసాయ శాఖ నుంచి రాబట్టిన లెక్కలను ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ 1995 నుంచి ఏడాదివారీగా ఇంటర్నెట్‌లో పెట్టింది. రాష్ట్రం, కౌంటీ, పథకం, ఏడాది ఎంచుకుంటే చాలు. అయితే జాబితా చదవడంలోనే చాలామంది పొరబడతారు. పేరు పక్కన కనిపించే ఊరు ఉత్తరాలు చేరే చిరునామా, బీడున్న చోటు కాదు. కరువు ఒక ఏడాదిది, డబ్బు పడింది మరో ఏడాది కావచ్చు. ఒకే కుటుంబం రెండు మూడు కంపెనీల పేర్లతో కనిపించవచ్చు. ఒక మనిషికి ఏడాదికి 1,25,000 డాలర్లే పరిమితి. భాగస్వామ్య సంస్థలో మాత్రం ఒక్కో భాగస్వామికీ విడిగా అంత వరకు వస్తుంది. కాబట్టి పెద్ద అంకె చూడగానే మోసమనుకోకండి, చిన్న అంకె చూసి అంతేననీ అనుకోకండి.

కనిపించనిది బీమా. బీళ్లకు వర్షపాత బీమా ఉంది. రాంచ్‌లో వాన కొలవరు; అక్షాంశ రేఖాంశాల్లో పావు డిగ్రీ చొప్పున గీసిన గడిలో రెండేసి నెలల వర్షపాత సూచీ, రాంచ్ యజమాని ఎంచుకున్న స్థాయికన్నా తగ్గితే పరిహారం వస్తుంది. ప్రీమియంలో సగానికి పైగా ప్రభుత్వమే భరిస్తుంది. ఒక రాంచ్‌కు ఇంతకు మించి రాయితీ రాకూడదన్న పరిమితి లేదు. కౌంటీవారీ మొత్తాలు ప్రచురిస్తారు, పేర్లు మాత్రం బీమా చట్టం బయటపెట్టనివ్వదు. పరిమితి ఉన్న పథకంలో పేర్లు చూపించి, పరిమితి లేని పథకంలో దాచడం ఏ లెక్కన చూసినా సరికాదు.

రైతు గోప్యత ముఖ్యం కాదని కాదు. భూమి వివరాలు, అధికారులకు రైతు ఇచ్చిన సమాచారం రహస్యంగా ఉంచాలని 2008 చట్టమే చెప్పింది. చెల్లింపుల వివరాలకు మాత్రం మినహాయింపునిచ్చింది. మన సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ సబ్సిడీ లబ్ధిదారుల వివరాలను ఎవరూ అడక్కుండానే ప్రచురించమంటుంది. పీఎం కిసాన్ జాబితాను ఊరివారీగా ఎవరైనా చూసుకోవచ్చు. అమెరికా బీమా రాయితీకీ పేరు, కౌంటీ, మొత్తం చూపిస్తే చాలు. బీటి హద్దులు, మంద లెక్క ఎవరూ అడగడం లేదు.