అనాసపువ్వు ఏ చెట్టుది?

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇప్పటికే రెండుసార్లు విన్నారు, మళ్లీ చదవను. పుష్పించే మొక్కల్లో తొలి కుటుంబాల గురించి మాట్లాడమన్నారు. నేను ఒక్క కుటుంబం దగ్గరే ఆగుతాను: అనాసపువ్వు చెట్టున్న షిసాండ్రేసి.

ముందు వరసలో పంచిన అనాసపువ్వును చేతిలోకి తీసుకోండి. నడుమ నుంచి చుట్టూ విచ్చుకున్న తొనలు సాధారణంగా ఎనిమిది. ఒక్కో తొన ఒక్కో ఫలదళం, అంటే పువ్వులో గింజను మోసే భాగం. ఎండాక పై అంచు వెంబడి చీలుతుంది, లోపల నున్నటి గోధుమరంగు గింజ ఒక్కటే. ఇది కాయ కాకముందు, పువ్వుగా ఉన్నప్పుడు రక్షకపత్రాలు ఇవీ, ఆకర్షణపత్రాలు ఇవీ అని గీత గీయలేం. పుష్పించే మొక్కల వంశవృక్షంలో మొదట విడిపోయింది పసిఫిక్ దీవి న్యూ కాలెడోనియాలోని ఆంబొరెల్లా అనే పొద, తర్వాత కలువలు, ఆ తర్వాత ఈ కుటుంబమున్న శాఖ. ఇది ఏకదళబీజాల్లోకీ రాదు, నిజ ద్విదళబీజాల్లోకీ రాదు. డీఎన్ఏ ఆధారాలతో ఈ వరస తేలింది 1999లోనే.

ఇక మందుల సంగతి. 1885లో డచ్ రసాయన శాస్త్రవేత్త ఐక్‌మన్ జపాన్ అనాసపువ్వు నుంచి షికిమిక్ ఆమ్లాన్ని వేరుచేశారు. వందేళ్లు దాటాక ఫ్లూ మందు ఒసెల్టామివిర్‌కి అదే ముడిసరుకైంది. 2005లో బర్డ్ ఫ్లూ భయంతో దేశాలన్నీ ఆ మందుకు ఎగబడితే, దక్షిణ చైనా అనాసపువ్వుకి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. అలాగని కషాయం తాగితే ఫ్లూ తగ్గుతుందనుకోకండి. ఆ ఆమ్లం మందు కాదు, ఎన్నో రసాయన చర్యలు దాటాకే మందవుతుంది. ఇదే కుటుంబంలోని షిసాండ్రా తీగ గురించి, కాలేయ జబ్బుల మీద జరిగిన పరిశోధన గురించి చాలా రాసుకొచ్చాను. వదిలేస్తున్నాను. దానికన్నా ముఖ్యమైనది ఒకటుంది.

జపాన్ అనాసపువ్వు అన్నాను కదా, ఇల్లిసియం అనిసేటమ్, అది విషం. జపాన్‌లో బౌద్ధాలయాల దగ్గర, సమాధుల దగ్గర పెంచుతారు. కాయ చూడటానికి అచ్చం ఇలాగే ఉంటుంది. 1888లో బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త హుకర్ మన అనాసపువ్వుకి ఇల్లిసియం వీరమ్ అని విడిగా పేరు పెట్టేదాకా శాస్త్రవేత్తలే రెంటినీ కలిపేశారు. జపాన్ కాయలోని అనిసాటిన్ అనే విషం, మెదడులో నరాల ఉద్రేకాన్ని అణిచే గాబా అనే రసాయనం పనిని అడ్డుకుంటుంది. వాంతులు, ఆపై ఫిట్స్. 2001లో నెదర్లాండ్స్‌లో ఈ విషపు కాయ కలిసి కల్తీ అయిన అనాసపువ్వు టీ తాగినవాళ్లు ఆసుపత్రి పాలయ్యారు. 2003లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనాసపువ్వు టీ తాగొద్దని హెచ్చరించింది. బాధితుల్లో పసిపిల్లలున్నారు. కడుపునొప్పి తగ్గాలని అమ్మలు చేతులారా పట్టించిన టీ అది!

నేను పనిచేసిన ఒక కాలేజీలో హెర్బేరియం గదిని, అంటే ఎండబెట్టిన మొక్కల నమూనాలను షీట్లకు అంటించి పేర్లతో దాచే గదిని, కంప్యూటర్ ల్యాబ్‌కి ఇచ్చేశారు. షీట్లు మెట్ల కిందికి చేరాయి. వానకు తడిశాయి, పురుగు పట్టింది. అడిగితే, "ఎండుటాకులు ఎవరికి కావాలి మాస్టారూ?" అన్నారు. ఎవరికి కావాలో చెబుతాను. ఫిట్స్ వచ్చిన బిడ్డ కోసం, మిగిలిన పొడి ఏ చెట్టుదో తేల్చాల్సిన వాళ్లకి కావాలి. పొడి చేశాక కంటికి తేడా దొరకదు. మైక్రోస్కోపు కిందైనా, డీఎన్ఏ పరీక్షలోనైనా పోల్చడానికి పేరు ఖాయంగా తెలిసిన నమూనా ఒకటుండాలి కదా? అది ఉండేది ఆ ఎండుటాకుల్లోనే!

ఫార్మసీ విద్యార్థులారా, బాటనీ విద్యార్థులారా, మిమ్మల్నే అడుగుతున్నాను. మీ కాలేజీ హెర్బేరియం ఎక్కడుంది? తాళంచెవి ఎవరి దగ్గరుంది? రేపు వెళ్లి అడగండి. మూలన పడేసి ఉంటే ప్రిన్సిపాల్‌కి అర్జీ రాయండి, మొదటి సంతకం నేను పెడతాను.