స్లాబ్‌కు ఎన్ని రోజులు నీళ్లు పెట్టాలి?

హోస్ట్: నమస్కారం. బరంపురం నుంచి మాట్లాడుతున్నాం. గంజాం, గజపతి జిల్లాల్లో ఇళ్లు కట్టిస్తున్న సివిల్ ఇంజనీరు గారు ఈరోజు మనతో ఉన్నారు. సార్, చాలామంది అడుగుతున్నారు, పర్యావరణానికి మేలు చేసేలా ఇల్లు కట్టాలంటే ఖర్చు బాగా పెరుగుతుందా?

ఇంజనీరు: ముందు నిలబడే ఇల్లు కట్టాలమ్మా. గోపాల్‌పూర్ వైపు వెళ్లి చూడండి. కట్టి ఎన్నో ఏళ్లు కాకుండానే సన్‌షేడ్లు పెచ్చులూడి, ఊచలు బయటపడ్డ మేడలు కనిపిస్తాయి. వాటిని పగలగొట్టి మళ్లీ కట్టాలంటే మళ్లీ సిమెంటు, మళ్లీ ఏటి ఇసుక, మళ్లీ ఇనుము. ఒకే ఇంటిని రెండుసార్లు కట్టడం కంటే పర్యావరణానికి చేటు ఏముంది?

హోస్ట్: ఉప్పుగాలి వల్లేనా అదంతా?

ఇంజనీరు: ఉప్పుగాలిని ఆపలేం. అది ఊచ దాకా ఎంత త్వరగా చేరుతుందన్నది మాత్రం మన పని మీదే ఉంటుంది. ఊచ మీద ఉండే కాంక్రీటు మందాన్ని కవర్ అంటాం. మన దేశంలో కాంక్రీటుకు ప్రమాణం ఐఎస్ 456. తీరప్రాంతపు గాలి తగిలే కాంక్రీటును అది తీవ్ర పరిస్థితి కింద లెక్కిస్తుంది. కవర్ 45 మిల్లీమీటర్లు, కాంక్రీటు బలం కనీసం ఎం30 అనే గ్రేడు ఉండాలంటుంది. మనవాళ్లేమో ఊచ కింద ఓ కంకర రాయి పెట్టేస్తారు. స్లాబ్ వేసేటప్పుడు నలుగురు దానిమీద నడిస్తే రాయి జారిపోతుంది, ఊచ వెళ్లి కింద అచ్చుగా పెట్టిన సెంట్రింగ్ షీటుకు ఆనుకుంటుంది. కవర్ బ్లాకులకు అయ్యే డబ్బు మొత్తం ఖర్చులో ఓ లెక్కే కాదు. అయినా అడిగి తెప్పించే యజమానులు తక్కువ. నాకు బాధ కలిగేది అక్కడే.

హోస్ట్: 2013లో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది కదా. ఆ తర్వాత అందరూ స్లాబ్ ఇల్లే కావాలంటున్నారు.

ఇంజనీరు: 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు గజపతి జిల్లా లోపలి ఊళ్లు కూడా దెబ్బతిన్నాయి. రేకులు ఎగిరిపోయిన కుటుంబం స్లాబ్ కోరుకోవడంలో తప్పేముంది? కడుపు కట్టుకుని కూడబెట్టిన డబ్బది. నాసిరకం పనితో ఆ డబ్బు పాడుచేస్తుంటే చూస్తూ ఊరుకోలేను.

హోస్ట్: సిమెంటు దగ్గరికి వద్దాం. పీపీసీకి బలం ఉండదని కొందరు మేస్త్రీలు అంటారు.

ఇంజనీరు: పీపీసీ అంటే ఎక్కువగా థర్మల్ ప్లాంట్ల బూడిద కలిపిన సిమెంటు. ప్రమాణం ప్రకారం బూడిద 15 నుంచి 35 శాతం దాకా ఉండొచ్చు. సిమెంటుగా పొడిచేసే క్లింకర్ గడ్డలు తయారు చేయాలంటే సున్నపురాయిని సుమారు 1450 డిగ్రీల వేడిలో కాల్చాలి. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ ఒకటి, రాయిలోంచి వచ్చేది ఇంకొకటి. ప్రపంచంలో మనుషుల వల్ల వెలువడే దాంట్లో సుమారు 7–8 శాతం సిమెంటుదే. బూడిద కలిసిన మేరకు క్లింకర్ తగ్గుతుంది. పైగా సరిగ్గా తడిపితే ఈ కాంక్రీటులో ఉప్పు తొందరగా లోపలికి దిగదు. మన తీరానికి మంచి సిమెంటు ఇది.

హోస్ట్: మరి చెడ్డపేరు ఎందుకొచ్చింది?

ఇంజనీరు: మన తొందర వల్ల. సిమెంటు నీళ్లతో కలిసినప్పుడు సున్నం పుడుతుంది. ఆ సున్నంతో కలిసి బూడిద నిదానంగా గట్టిపడుతుంది. ఆ రోజులన్నీ తడి ఉండాలి. బూడిద కలపని మామూలు సిమెంటు ఓపీసీకి కనీసం 7 రోజుల క్యూరింగ్, అంటే తడిపి ఉంచడం, బూడిద సిమెంటుకు కనీసం 10, వీలైతే 14 అని ఐఎస్ 456 చెబుతుంది. మన దగ్గర మూడోరోజుకే పైపు చుట్టేసే సైట్లున్నాయి. కాంక్రీటు ఎండితే గట్టిపడుతుందని అనుకుంటారు. నిజానికి తొందరగా ఎండితే బలం పెరగడం ఆగిపోతుంది. తర్వాత స్లాబ్ కారితే సిమెంటును తిడతారు. కొత్త సరుకును పాత అలవాటుతో వాడితే జనానికి దానిమీద నమ్మకం పోతుంది. నా భయం అదే.

హోస్ట్: ఎండాకాలంలో బోర్లు అడుగంటుతాయి సార్. పద్నాలుగు రోజులు నీళ్లెక్కడివి?

ఇంజనీరు: నిజమైన ఇబ్బందే అది. స్లాబ్ మీద చిన్న గట్లు వేసి, మడులు కట్టి నీళ్లు నిలపండి. స్తంభాలకు గోనెసంచులు చుట్టి, తడిపి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పండి. పైపుతో కొట్టి వదిలేసే దానికంటే తక్కువ నీళ్లు పడతాయి. అసలు ఎండలు ముదరకముందే స్లాబ్ పెట్టుకుంటే ఇంకా మేలు. కలిపేటప్పుడు మాత్రం నీళ్లు కొలిచి పోయాలి. తీవ్ర పరిస్థితిలో సిమెంటు బరువులో 0.45 వంతు మించకూడదు. అంటే 50 కిలోల బస్తాకు 22.5 లీటర్లు, ఇసుకలో ఉన్న తడితో కలిపి. మిక్సర్‌లోకి పైపు వదిలేస్తే ఎం30 కాగితం మీదే మిగులుతుంది.

హోస్ట్: చివరిగా, పర్లాకిమిడి నుంచి ఒకరు అడిగారు. సెంట్రింగ్ ఎప్పుడు విప్పాలని.

ఇంజనీరు: 4.5 మీటర్ల వెడల్పు లోపు స్లాబ్ అయితే కింది సపోర్టులు 7 రోజులు, అంతకు మించితే 14. ఆరు మీటర్ల లోపు బీములకు 14. ఇవి ఓపీసీకి చెప్పినవి, పీపీసీ అయితే ఇంకొన్ని రోజులు పెంచాలి. సెంట్రింగ్ వాళ్లతో బేరం కుదుర్చుకునేటప్పుడే ఈ రోజులు చెప్పి ఒప్పించండి. స్లాబ్ వేశాక అడిగితే, షీట్లు ఇంకో సైటుకు పంపాలంటారు.