సింకు కింద యాంగిల్ కాక్ కారుతోందా? హ్యాండిల్‌ని వదిలేయండి

నమస్కారమండీ. ముందు ఆ హ్యాండిల్ మీంచి చెయ్యి తీయండి. సింకు కింద గోడ నుంచి కుళాయికి నీళ్లిచ్చే చిన్న వాల్వ్, అదే యాంగిల్ కాక్, దాని దగ్గర చుక్కలు పడుతుంటే అందరం మొదట చేసే పని అదే, బలం పెట్టి ఇంకో తిప్పు తిప్పడం. మా పిన్ని నెల రోజులు అదే చేసింది. రాత్రి గట్టిగా బిగిస్తే కారడం ఆగేది. పొద్దున గిన్నెలు కడగడానికి తిప్పగానే మళ్లీ మొదలు. "బిగిస్తే ఆగుతోందిరా, అరిగిపోయినట్టుంది, కొత్తది తెచ్చి పెట్టు" అంది. ఆ లోపు కింద ప్లైవుడ్ ఉబ్బిపోయింది. తీరా చూస్తే ఆ వాల్వ్ బంగారంలా ఉంది.

హ్యాండిల్ చేసే పని ఒక్కటే, లోపల నీళ్ల దారి మూయడం. బయటికి కారే సందును అది మూయలేదు. పిన్ని బిగించినప్పుడు సందు మూసుకోలేదు, సందు దాకా నీళ్లే రాలేదు. అంతే తేడా. ఈ ఒక్క విషయం తెలియక ఎంతమంది మంచి వాల్వులు పారేస్తున్నారో చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

మరి బయటికి కారకుండా ఆపేదేంటి? ఆవకాయ జాడీ తెలుసుగా. జాడీ పింగాణీ, మూతా పింగాణీ. గట్టిదాని మీద గట్టిది ఎంత నొక్కినా మధ్యన సందు ఉంటుంది. అందుకే గుడ్డతో వాసెన కడతాం. సందు మూసేది గుడ్డ, మూత దాన్ని అదిమి పెడుతుంది. మన యాంగిల్ కాక్ కూడా జాడీయే. ఇత్తడి మీద ఇత్తడి నీటిని ఆపలేదు. అందుకే దీనికి మూడు వాసెనలు.

(కెమెరా దగ్గరికి)

గోడలోకి దిగే మర మీద టెఫ్లాన్ టేపు, ఒకటి. పైన కుళాయికి వెళ్లే కనెక్షన్ పైపు నట్టులో రబ్బరు వాషరు, రెండు. హ్యాండిల్ వెనక గ్లాండ్ నట్టు ఉంటుంది, దాని లోపల స్పిండిల్, అంటే హ్యాండిల్‌తో పాటు తిరిగే కడ్డీ, దాని చుట్టూ ప్యాకింగ్, మూడు. పాత ప్లంబర్లు అక్కడ నిజంగానే దారం చుట్టేవారు. అచ్చం వాసెనే!

ఏ వాసెన పోయిందో ఎలా తెలుస్తుంది? చుక్క రాలే చోటు చూసి మోసపోకండి. నీళ్లు వాల్వ్ ఒంటి మీదుగా జారి అన్నిటికంటే కింద ఉన్న చోట రాలతాయి. మొత్తం పొడిగా తుడిచి, మూడు చోట్లా టిష్యూ ముక్కలు చుట్టండి. మొదట తడిసిందే దోషి. బోరు నీళ్లయితే ఇంకా తేలిక, తెల్లటి ఉప్పు చార ఎక్కడ మొదలైందో చూడండి. ఇప్పుడు హ్యాండిల్ మూయండి. అయినా కారుతుంటే గోడ మర దగ్గరే, అక్కడ నీళ్లు ఎప్పుడూ నెడుతూనే ఉంటాయి. ఆగితే మిగతా రెండింట్లో ఒకటి.

ఇంకో మాట. ట్యాంకు నుంచి 10 మీటర్లు దిగితే చదరపు సెంటీమీటరు మీద సుమారు 1 కేజీ ఒత్తిడి. పై అంతస్తులో ఊరుకున్న జాడీ కింది అంతస్తులో కారడానికి కారణం ఇదే.

పిన్ని ఇంట్లో గ్లాండ్ దగ్గర. స్పానర్‌తో నట్టును కుడికి కొంచెం, పావు చుట్టు కూడా వద్దు. హ్యాండిల్ బిగుసుకుపోతే ఎక్కువ తిప్పేశారని అర్థం. అప్పటికీ ఆగకపోతే ట్యాంకు వాల్వ్ కట్టేసి, కుళాయి తెరిచి పైపులో నీళ్లు వదిలేసి, హ్యాండిల్, గ్లాండ్ నట్టు విప్పండి. టెఫ్లాన్ టేపును దారంలా పురిపెట్టి స్పిండిల్ చుట్టూ రెండు మూడు చుట్లు చుట్టి, లోపలికి అదిమి, నట్టు వేయండి. పిన్నికి ఖర్చయింది ఒక టేపు చుట్ట.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. కనెక్షన్ పైపు దగ్గరైతే వాషరు మార్చండి. అక్కడి మర మీద టేపు చుట్టకండి, ఆపేది వాషరు, మర కాదు. చేత్తో బిగించి, స్పానర్‌తో పావు చుట్టు చాలు.

గోడ దగ్గరైతే ట్యాంకు వాల్వ్ కట్టక తప్పదు. యాంగిల్ కాక్ విప్పి పాత టేపంతా గీకేయండి. మర మీ వైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే దిక్కున కొత్త టేపు 10 నుంచి 15 చుట్లు చుట్టండి. గోడ రంధ్రాన్ని కప్పే బిళ్ల, అదే ఫ్లాంజ్, ముందే తొడగాలి, మర్చిపోతే మళ్లీ విప్పాలి. బిగించేటప్పుడు మూతి పైకి రాకుండా దాటిపోతే వెనక్కి తిప్పకండి, వాసెన వదులైపోతుంది. మెల్లగా ముందుకే తీసుకెళ్లండి. అటూ వెళ్లకపోతే విప్పి కొత్త టేపు చుట్టండి. గోడలో సీపీవీసీ అనే ప్లాస్టిక్ పైపు ఉంటే బలం వద్దు, ఎల్బో, అంటే పైపు మలుపు ముక్క, పగిలితే టైల్స్ పగలగొట్టాల్సొస్తుంది.

పావు తిప్పుకే ఆగిపోయే రకాల్లో ఎక్కువగా సెరామిక్ డిస్కులుంటాయి. స్పిండిల్ దగ్గర కారితే లోపలి కార్ట్రిడ్జ్, అంటే ఆ డిస్కులున్న ముక్క మొత్తం మార్చాలి, షాపుకు పాతది పట్టుకెళ్లండి.

ట్యాంకు వాల్వ్ నెమ్మదిగా తెరవండి. టిష్యూలు రాత్రంతా అలాగే ఉంచి, పొద్దున చూడండి.