కాగితం మీద రాసిన విధి

అందరికీ నమస్కారం.

అన్నా గెర్మన్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. పోలండ్ గాయనిగా పేరొచ్చినా, ఆమె పుట్టింది 1936లో, సోవియట్ ఉజ్బెకిస్తాన్‌లోని ఉర్గెంచ్‌లో. ఆమె జీవితం మీద రష్యా, పోలండ్ కలిసి తీసిన పది భాగాల సీరియల్ 2012లో వచ్చింది. అన్నాగా నటించింది యొవాన్నా మోరో. పాటలకు మాత్రం అన్నా రికార్డింగులే వాడారు. పెదవులు ఒకరివి, గొంతు ఇంకొకరిది అంటే ప్లేబ్యాక్ వింటూ పెరిగిన మనకి కొత్తేమీ కాదు. ఆ గొంతు మొదలైన ప్రతిసారీ నాకు కళ్లు చెమర్చాయి. అంత ఇష్టపడి చూశాను కాబట్టే ఒక అభ్యంతరం చెప్పాలి.

అన్నా తండ్రి జర్మన్ మూలాలున్న అకౌంటెంట్. 1937లో, పాపకి ఏడాదిన్నర వయసప్పుడు ఆయన్ని అరెస్టు చేశారు. మరుసటి ఏడాది కాల్చి చంపారు. సీరియల్ ఈ కథలోకి ఒక రహస్య పోలీసు అధికారిని కల్పించి తెచ్చింది. వాడు అన్నా తల్లి మీద మనసు పడి, ఏళ్ల తరబడి ఆ కుటుంబాన్ని వెంటాడతాడు. చూస్తున్నంతసేపూ టెన్షనే. కానీ స్టాలిన్ పాలించిన ఆ రోజుల్లో ఏ ప్రాంతంలో ఎంతమందిని కాల్చాలో, ఎంతమందిని శిబిరాలకు పంపాలో పైనుంచి కోటాలు వచ్చేవి. జర్మన్ మూలాలవాళ్లని గూఢచారులన్న అనుమానంతో ప్రత్యేకంగా పట్టుకున్నారు. ఆయన్ని చంపడానికి ఎవరికీ సొంత పగ అక్కర్లేదు. అక్కడ విలన్‌ని నిలబెడితే, వాడొక్కడు లేకపోతే ఆ ఇల్లు చల్లగా ఉండేది అనిపిస్తుంది. నా బాధ అదే.

అజర్‌బైజాన్ రాజధాని బాకూకి చెందిన గాయకుడు ముస్లిం మగొమాయెవ్ మీద 2020లో వచ్చిన సీరియల్ సంగతి చూడండి. ఆయన పాత్ర వేసింది సెర్బియా నటుడు మిలోష్ బికోవిచ్. ఒపెరా గాయని తమారా సిన్యావ్‌స్కాయాతో ప్రేమే దానికి ప్రాణం. చక్కటి ప్రేమకథే, కాదనను. నన్నడిగితే మాత్రం కథని 606 రూబుళ్ల దగ్గర మొదలుపెడతాను.

సోవియట్ యూనియన్‌లో కచేరీకి ఇంత అని గాయకుడికి ప్రభుత్వం రేటు కట్టేది. మగొమాయెవ్ రేటు 202 రూబుళ్లు. 1960లలో రొస్తోవ్ స్టేడియంలో వేలమంది ముందు పాడినందుకు మూడు రెట్లు, 606 ఇచ్చారు. ఆయన అడిగి తీసుకున్నది కాదు, నిర్వాహకులే ఇచ్చారు. ఇంకేముంది, విచారణ మొదలైంది. ఆ కబురు అందేసరికి ఆయన పారిస్‌లో, ఒలింపియా హాల్లో పాడుతున్నారు. తిరిగొచ్చాక అజర్‌బైజాన్ దాటి కచేరీలు చేయకూడదని సాంస్కృతిక శాఖ ఆంక్ష పెట్టింది.

దేశమంతా తెలిసిన గొంతుని ఆపడానికి ఒక జీతాల కాగితం సరిపోయింది. పగబట్టినవాడు ఎవడూ లేడు. లెక్క సరిచూసిన గుమాస్తా, దాని కింద సంతకం పెట్టిన అధికారి, అంతే.

ఊరికే కూర్చోకుండా ఆయన బాకూ కన్సర్వేటరీలో, అంటే సంగీత కళాశాలలో, ఆగిపోయిన చదువు అందుకున్నారు. 1968లో చివరి పరీక్ష. వినడానికి వచ్చిన జనం హాల్లో పట్టక, తలుపులూ కిటికీలూ తెరిచిపెట్టాల్సి వచ్చిందట.