సున్నా ఆవేశంతో కార్బన్ మోనాక్సైడ్ అంత బలమైన లైగాండ్ ఎలా అయింది?

నమస్కారం. ఈ బీకరులో ఉన్నది నికెల్ సల్ఫేట్ ద్రావణం. నికెల్ అయాన్ చుట్టూ ఆరు నీటి అణువులు చేరడం వల్ల వచ్చిన ఆకుపచ్చ రంగు ఇది. ఇప్పుడు గాఢ అమోనియా పోస్తున్నాను. ముందు లేత ఆకుపచ్చ అవక్షేపం వస్తుంది. ఇంకా పోస్తే అది కరిగి, ఇదిగో చూడండి, ముదురు నీలం! లోహం అదే, దాని ఆవేశం అదే. మారింది లైగాండ్, అంటే లోహానికి అతుక్కునే అణువు లేదా అయాన్, ఒక్కటే.

లోహం చుట్టూ ఆరు లైగాండ్లుండే అష్టముఖి సంక్లిష్టంలో లోహపు ఐదు డి ఆర్బిటాళ్లు, అంటే ఎలక్ట్రాన్లుండే చోట్లు, శక్తిలో రెండు గుంపులుగా చీలతాయి. లైగాండ్ల దిశగా ఉన్న రెండూ పైకి, మిగతా మూడూ కిందికి. మధ్య అంతరమే డెల్టా. శక్తిని తరంగసంఖ్యలో కొలిస్తే, నికెల్‌కు నీటితో అది సెంటీమీటరుకు సుమారు 8,500, అమోనియాతో సుమారు 10,800. అంతరం పెరగగానే కాంతి శోషణ తక్కువ తరంగదైర్ఘ్యం వైపు జరిగింది, రంగు మారింది.

లైగాండ్లను ఇలా బలం ప్రకారం, అంటే అంతరాన్ని ఎంత పెంచుతాయన్న దాని ప్రకారం, వరుసలో పేర్చే పద్ధతిని 1938లో జపాన్ శాస్త్రవేత్త ర్యుతారో త్సుచిదా ప్రతిపాదించారు. బలహీనమైన దాని నుంచి బలమైన దాని వైపు: అయొడైడ్, క్లోరైడ్, ఫ్లోరైడ్, హైడ్రాక్సైడ్, నీరు, అమోనియా, సయనైడ్, కార్బన్ మోనాక్సైడ్. చాలామంది దీన్ని బట్టీ పట్టి వదిలేస్తారు. దయచేసి ఒక్క క్షణం ఆగండి. రుణావేశమే బలమైతే హైడ్రాక్సైడ్ నీటి కంటే బలంగా ఉండాలి కదా? ఏ ఆవేశమూ లేని కార్బన్ మోనాక్సైడ్ బలమైన చివరన ఎందుకుంది?

లైగాండ్లను బిందు ఆవేశాలుగా చూసే స్ఫటిక క్షేత్ర సిద్ధాంతం దగ్గర దీనికి జవాబు లేదు. ఆర్బిటాళ్ల దగ్గర ఉంది. అయొడైడ్, క్లోరైడ్ వంటి హాలైడ్‌లలోనూ హైడ్రాక్సైడ్‌లోనూ నిండిన పి ఆర్బిటాళ్లు కింది మూడు డి ఆర్బిటాళ్లతో కలిసి వాటి శక్తిని పెంచుతాయి, అంతరం తగ్గుతుంది. కార్బన్ మోనాక్సైడ్‌లో తగిన ఖాళీ ఆర్బిటాళ్లున్నాయి. అవి అదే మూడింటి నుంచి ఎలక్ట్రాన్ సాంద్రతను తీసుకుని వాటిని కిందికి దించుతాయి, అంతరం పెరుగుతుంది. అమోనియాకు ఈ రెండు మార్గాలూ లేవు, అందుకే మధ్యలో నిలిచింది.

దీని ప్రభావం అయస్కాంతత్వంలోనూ కనిపిస్తుంది. కోబాల్ట్ ప్లస్ మూడు అయాన్‌లో ఆరు డి ఎలక్ట్రాన్లున్నాయి. ఆరు ఫ్లోరైడ్‌లతో అంతరం సుమారు 13,000. ఎలక్ట్రాన్లు ఒకే ఆర్బిటాల్‌లో జతకట్టడానికి కావలసిన శక్తి అంతకంటే ఎక్కువ కాబట్టి నాలుగు ఎలక్ట్రాన్లు ఒంటరిగానే ఉంటాయి. ఆరు అమోనియాలతో సుమారు 23,000. అన్నీ జతకడతాయి.

ఇప్పుడు మీ వంతు. పొటాషియం ఫెర్రోసయనైడ్‌లో ఇనుము ప్లస్ రెండు, దానికీ ఆరు డి ఎలక్ట్రాన్లే. ఒంటరి ఎలక్ట్రాన్లు ఎన్నో, ఎందుకో కామెంట్లలో రాయండి.