బి7 మీది బిషప్

అందరికీ నమస్కారం. 2002లో విశ్వనాథన్ ఆనంద్ చదరంగం ప్రపంచ కప్ గెలిచింది మన హైదరాబాదులోనే. ఇవాళ మనం చూసేది మాత్రం 2013 జనవరిలో నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీలో ఆయన నల్లపావులతో, అప్పట్లో ఆర్మేనియా తరఫున ఆడుతున్న గ్రాండ్‌మాస్టర్ అరోనియన్ మీద ఆడిన ఆట. మొత్తం 23 ఎత్తులే.

ఓపెనింగ్, అంటే ఆట మొదలుపెట్టే పద్ధతి, సెమీ స్లావ్; అందులో మెరాన్ వేరియేషన్ అనే రకం. 1924లో ఇటలీలోని మెరాన్ టోర్నమెంట్లో పోలండ్ ఆటగాడు రూబిన్‌స్టీన్ ఆడాక ఆ పేరు నిలిచింది. కోచింగుకు పోయే పిల్లలు మొదటి పది ఎత్తులు గడగడా చెప్పేస్తారు. ‘బి5 ఎందుకు నాన్నా?’ (బంటును బి నిలువు వరసలో ఐదో గడికి ఎందుకు తోశావని) అంటే మాత్రం అమ్మ వైపు చూస్తారు! విషయం ఇంతే: సి6 బంటు, ఇ6 బంటు కలిసి తెల్లగడుల బిషప్‌కు దారి మూసేశాయి. అందుకే సి4 బంటును కొట్టి, బి5 తోసి, బిషప్‌ను బి7లో కూర్చోబెట్టి, ఆ తర్వాత సి5 తోస్తారు. అప్పుడు దాని చూపు హెచ్1 మూల దాకా పోతుంది.

ఇక 16వ ఎత్తు దగ్గర ఆగండి. ఎత్తులు లెక్కగట్టి చెప్పే కంప్యూటర్ ఇంజన్ ఆన్ చేయొద్దు, దయచేసి. సి5లో నల్ల బిషప్‌ను బంటు తినొచ్చు, జి4లో గుర్రాన్ని బిషప్ తినొచ్చు. ఆనంద్ రెంటినీ కాపాడలేదు. డి7లోని రెండో గుర్రాన్ని కూడా తెచ్చి ఇ5లో, బంటు నోటి ముందే పెట్టారు! దాన్ని ఎఫ్4 బంటుతో కొడితే ఏమవుతుంది? గుర్రం లేవడంతో డి గడుల వరస తెరుచుకుంది కదా, మంత్రి డి4 బంటును తిని చెక్ చెబుతుంది. రాజు మూలకు పోతాడు. మంత్రి జి1కి పోయి మళ్లీ చెక్. వెనక బిషప్ కాపు ఉంది కాబట్టి రాజు ముట్టుకోలేడు, ఏనుగే తినాలి. గుర్రం ఎఫ్2లోకి దూకితే ఆటకట్టు. పక్కనున్న సొంత ఏనుగూ, ముందున్న సొంత బంట్లే రాజును కదలనివ్వవు.

అరోనియన్ ఆ వలలో పడలేదు, జి4 గుర్రాన్ని బిషప్‌తో తినేశాడు. అయినా తప్పించుకోలేకపోయాడు. ఇదంతా అప్పటికప్పుడు తట్టింది కాదు లెండి. 2012లో గెల్ఫండ్‌తో ప్రపంచ చాంపియన్‌షిప్ మ్యాచ్ కోసం ఇంట్లో తయారుచేసుకున్న సరుకు. రాజు మీదికి రెండు బిషప్‌లు గురిపెట్టిన తీరు 1907లో ఇప్పటి పోలండ్‌లోని లోడ్జ్ నగరంలో రోట్లేవీని రూబిన్‌స్టీన్ ఓడించిన ఆటను గుర్తుచేస్తుంది. పాత ఆటలు చూడమని నేను పోరేది ఇందుకే.

చివరి ఎత్తు, బిషప్ ఇ3. నల్ల మంత్రి హెచ్5లో ఉంది, ఇ5 నుంచి వచ్చి బిషప్‌ను తిన్న రెండో గుర్రం జి4లో ఉంది. హెచ్3 బంటు దాన్ని ఎందుకు తినలేదు? జి2 బంటు ఎందుకు కదలలేదు? బోర్డులు పంచుతున్నాం, ఇద్దరిద్దరు కూర్చుని పెట్టి చూడండి.